కండ పట్టని కొర్రమీను

త్రినాథరావు భిలాయి స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాక, ఉతై అనే ఊరి దగ్గర ఓ రైతు పొలంలో తవ్వించిన చిన్న చెరువు కౌలుకు తీసుకుని కొర్రమీను పిల్లల్ని వదిలాడు. వైశాలి నగర్ నుంచి రోజూ స్కూటరు మీద వెళ్లి వాటిని చూసుకునేవాడు.

శ్రావణంలో వానలు దంచికొట్టి రావలసిన గుళికల మేత ఆగిపోయింది. ఆకలికి పిల్లలు ఒకదాన్నొకటి పీక్కు తినసాగాయి. చూస్తూ ఊరుకోలేక నూకలు ఉడికించి, తవుడూ చిటికెడు ఎండుచేపల పొడీ కలిపి ముద్దలు వేశాడు. చేపలు ఎగబడి తిన్నాయి. బొద్దుగా నిగనిగలాడాయి. గుళికలు దొరికే రోజులొచ్చినా ఆయన ముద్దలు మానలేదు. ఇంత ఇష్టంగా తింటున్నవాటికి వేరే ఎందుకనుకున్నాడు.

దసరా వెళ్లాక వల లాగితే తెలిసింది. పొట్టలు గుండ్రంగా ఉన్నాయి, వీపులు సన్నగా ఎండిపోయినట్టున్నాయి. పక్కింటి శ్రీవిద్య చేపల పెంపకం చదువుకున్న పిల్ల. ఒకదాన్ని తెచ్చి ఆమె ముందు కోశాడు. కాలేయం పాలిపోయి ఉంది, పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు.

"మావయ్యా, ఇది మాంసం తినే చేప," అంది శ్రీవిద్య. "పిండిపదార్థం కొంచెం ఉంటే మంచిదే, శక్తికి వాడుకుంటుంది. అప్పుడు ప్రోటీనంతా కండకి పోతుంది. జ్యాదా పెడితే అరిగించుకోలేదు, ఇదిగో, ఇలా తెల్లగా చర్బీ అయిపోతుంది. మీ ముద్దలో ప్రోటీనే తక్కువ."

"మరిప్పుడేటి సెయ్యాలమ్మా?"

"మేత మార్చండి. లేకిన్ చలి వచ్చేస్తోంది మావయ్యా. చలిలో ఇవి సరిగా తినవు."

మర్నాడే మంచి గుళికలు తెచ్చాడు. అప్పటికే కార్తీకపు చలి నీటిలోకి దిగింది. గుళికలు తేలి, నాని, మునిగిపోయేవి. చేపలు గాలి పీల్చుకోడానికి పైకొచ్చి, మేతవైపు చూడకుండా కిందికి పోయేవి. ఆయన గట్టున గొంతుక్కూర్చుని అరచేత్తో నీళ్లు తట్టేవాడు.

"తినండర్రా. ఇదే మంచిది."

చీకటి పడ్డా ఇంటికి రావడం లేదని భార్య జోగమ్మ కసురుకుంది. "చెరువంతా నీళ్లు కాసి పోస్తావేటి? కూకుంటే తింటాయా?"

ఎర్రగా కాలిన ఉక్కు మధ్య ఏళ్లు గడిపిన మనిషి, ఆ నీళ్లని కాస్త వెచ్చబరచలేకపోయాడు.

మాఘం రాగానే రైతు వేసంగి వరికి చెరువు నీళ్లన్నీ తోడేస్తానన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగమని త్రినాథరావు బతిమాలాడు. నారు ఎదిగిపోయింది భయ్యా, అన్నాడు రైతు. అతని మాటా నిజమే. చేపలు పట్టించి అమ్మక తప్పలేదు.

భిలాయి-3 నుంచి వచ్చిన వ్యాపారి ఓ చేప వీపు బొటనవేలితో నొక్కి, "పేట్ హీ పేట్ హై, బాబూజీ," అంతా పొట్టే, కండ లేదని పెదవి విరిచాడు. త్రినాథరావు బేరమాడలేదు.

వ్యాపారి బండిలోని తొట్టెల్లో కొర్రమీలు చాలాసేపు చావలేదు, నోళ్లు తెరిచి గాలి మింగుతూనే ఉన్నాయి. ఆయన గోనెసంచి తడిపి వాటిమీద కప్పాడు. బండి కదిలేదాకా అంచు సర్దుతూ అక్కడే నిలబడ్డాడు.