ఏడు సెకన్ల కారు

ఇంగ్లండ్‌లోని స్టీవెనేజ్‌లో మా పై ఫ్లాట్‌లో ఒక గుంటూరు అన్నయ్య ఉండేవాడు. ఆయనకి పదిహేనేళ్ల పాత టర్బో స్పోర్ట్స్ కారు ఉండేది. దానికి ఏ కొత్త భాగం బిగించినా, స్టాప్‌వాచీతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటే గాని నమ్మేవాడు కాదు. "చెవికి ఎప్పుడూ వేగంగానే ఉంటుంది తమ్ముడూ, వాచీ ఏమంటుందో చూడాలి" అనేవాడు.

వదినకి నెలలు నిండుతున్నాయి. రెండు డోర్ల కారులో బేబీ సీటు పెట్టడం కష్టమని, అమ్మేయమంది. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఇంజన్‌కి బలం పెంచాలని కొత్తగా వేసిన పెద్ద టర్బోతో నిజంగా వేగం పెరిగితే కారు ఉంటుంది, లేకపోతే పోతుంది.

కార్ల పిచ్చివాళ్లని ఆదివారాలు రానిచ్చే పాత ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లాం. పక్క సీట్లో వాచీ పట్టుకుని నేను. గంటకి ముప్పై మైళ్ల వేగం నుంచి డెబ్భైకి చేరడానికి అంతకుముందు ఏడు సెకన్లు పట్టేది. ఈసారి కారు గర్జిస్తూ దూసుకెళ్లింది. వాచీలో మాత్రం మళ్లీ ఏడే. జాలేసి "ఆరున్నర" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. అయినా కారాపి, "వాచీ ఇటివ్వు" అన్నాడు. చూశాడు. నోట్‌బుక్‌లో ఏడు అని రాసుకున్నాడు.

తర్వాతి వారం కారు కొనడానికొచ్చిన ఇంగ్లీషాయన బానెట్ ఎత్తి చూసి, "వేగం బాగా పెరిగి ఉంటుందే" అన్నాడు.

"ఏమీ పెరగలేదు" అని అన్నయ్య నోట్‌బుక్ చూపించాడు. వదిన నుదురు కొట్టుకుంది.

ఆ ఇంగ్లీషాయన పేజీలన్నీ తిరగేసి, "కారు తీసుకుంటాను. ఇది కూడా ఇస్తారా?" అని అడిగాడు.

తాళాలు అన్నయ్య వెంటనే ఇచ్చేశాడు. నోట్‌బుక్ ఇవ్వడానికి మాత్రం రెండు కప్పుల టీ పట్టింది.