మాస్టారు తాళం వేసిన పాట

మొన్నామధ్య రాజాంలో మా చెల్లెలి మనవరాలు చదివే కాలేజీ వార్షికోత్సవానికి వెళ్ళి, పెద్దదాన్నని ముందు వరసలో కూర్చోబెడితే కూర్చుని చూద్దును కదా, పక్క కుర్చీలో శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి మా చిన్ననాటి హాస్టలు మాస్టారు. ఆయన గొంతు సవరించుకోగానే నా అరచేతులు వాటంతటవే కొంగు కింద దాక్కున్నాయి.

నా ఈడు వాళ్ళకి ఆ హాస్టళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. సీతంపేట అవతలి కొండమీది మా సవర గూడెం నుంచి అయ్య నన్నూ చెల్లినీ నడిపించుకొచ్చి అక్కడ దింపి వెళ్ళేనాటికి మాకు తెలుగు నాలుగు ముక్కలైనా రాదు. పప్పు నీళ్ళలా ఉన్నా రెండు పూటలా వేడి అన్నం పెట్టారు, ఆ అన్నాన్ని నేనిప్పటికీ తప్పుపట్టను. మాస్టారినే తప్పుపడతాను. సవర మాట చెవినపడితే చాలు, “పిట్టకూతలు కూస్తన్నారేటే” అంటూ చింతబరికె తీసేవారు. నేను మొండిదాన్ని, దెబ్బలు తిని దుప్పట్లో దూరి నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. చెల్లి పిరికిది, సవర మాటే మానేసింది, పోగా పోగా మరిచిపోయింది. సెలవులకి ఇంటికెళ్తే అమ్మ ఏదో అడగడం, ఇది తెలుగులో జవాబు చెప్పడం, అమ్మ బిక్కమొహంతో నా వైపు చూడడం తలుచుకుంటే, ఆ బరికెతోనే ఆయన్ని చితక్కొట్టాలనిపిస్తుంది. అమ్మ పోయేనాడు కూడా వాళ్ళిద్దరి మధ్యా మాటలు మోసింది నేనే.

చెల్లి తన కూతురికి సవర నేర్పలేదు, ఆ కూతురు తన పిల్లకి నేర్పేదేముంది. అలాంటిది ఆ పిల్ల ర్యాప్ అని ఒకటి మొదలెట్టి, ఫోనులో దడదడమని తాళం పెట్టుకుని వచ్చి, “అమ్మమ్మా, మన మాటలు సెప్పు” అని నా ముందు చతికిలబడింది. రాగం లేదు, తీగ లేదు, రోకటి పోటులా మాట మీద మాట పడడమే. చిత్రంగా మా సవరకి అది అతికినట్టు సరిపోయింది. కొండ గురించి చెప్పాను, తేనె గురించి చెప్పాను, ఆఖరికి మాస్టారి గురించి చెప్పాను. తాళం దానిది, తిట్లన్నీ నావి.

వార్షికోత్సవం సాయంత్రం అది వేదికెక్కి ఆ తిట్లే అందుకుంది. ఆయన నడక, ఆయన నోరు, ఆయన పుట్టుక, ఏదీ వదల్లేదు. కుర్రాళ్ళు ఊగిపోతుంటే మాస్టారు కూడా చేతికర్ర నేలకి తాటిస్తూ తాళం వేశారు. నన్ను గుర్తుపట్టలేదు.

“ఏటమ్మా, ఆ పిల్ల ఏటి పాడతంది?” అన్నారు నా వైపు వంగి.

“మిమ్మల్నే తలుసుకుంటంది మాస్టారూ” అన్నాను.

ఆయన మురిసిపోయి, సవర పిల్లల్నీ, వాళ్ళ భాషనీ కన్నబిడ్డల్లా సాకానని తర్వాత మైకులో కూడా చెప్పుకున్నారు.

కడుపారా నవ్వుదామని చుట్టూ చూశాను. తోడు నవ్వేవాళ్ళు లేరు. కేకలేసిన వాళ్ళలో మా కొండ పిల్లలూ ఉన్నారు, వాళ్ళకీ ముక్క అర్థం కాలేదు. వెనక వరసలోంచి చెల్లి నా భుజం తట్టి, “అదేటంటందే అక్కా?” అని అడిగింది.

మా రోజుల్లో ఎవరినైనా పాటలో దెప్పితే గూడెం గూడెమంతా పడీ పడీ నవ్వేది. ఇప్పుడు హాలు నిండా జనం, చప్పట్లు, నవ్వు మాత్రం నా ఒక్కదానిదే. అందుకే సెలవు రోజుల్లో మనవరాలు పోగేసి తెచ్చిన పిల్లలకి సవర చెబుతున్నాను, తిట్లతోనే మొదలుపెట్టాను. మాస్టారికి ఒంట్లో బాగుండడం లేదట. ఆయన మందులు వేళకి వేసుకోవాలి, చల్లగా ఉండాలి. హాలంతా నవ్వుతుంటే ఎందుకో తెలియక ఆయన బిక్కమొహం వేసే రోజు దాకా ఆయన బతకాలి.