నా గుండెకి కాపలా మానేసిన రోజు

సహోదరీ సహోదరులారా, మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు చెప్పి, ముందే ఒక మాట ఒప్పుకుంటున్నాను. నేను చచ్చిపోతున్నానని మీలో చాలామందికి ఒకసారి కాదు, పదిసార్లు చెప్పి ఉంటాను. మీరూ పాపం పదిసార్లూ నమ్మి పరిగెత్తుకొచ్చారు. ఇదిగో, ఇప్పటికీ మీ ముందు నిలబడే ఉన్నాను, దేవునికే మహిమ.

నన్నెరగనివారి కోసం చెబుతున్నాను, నా పేరు కరుణమ్మ. నరసాపురం పక్కన ఊరు మాది, నేను ఇంట్లో కూర్చుని లేసు అల్లుతాను, మా ఆయన జనాన్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు మీద పనిచేస్తారు. మాకు ఒక్కతే అమ్మాయి, జ్యోతి, దాన్ని అవతలి ఒడ్డున మలికిపురం దగ్గర ఇచ్చాం. రెండేళ్ళ క్రితం మా పెద్దన్నయ్య భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ గుండె ఆగి వెళ్ళిపోయారు. మంచి మనిషి, ఒక్కరోజు జ్వరమని పడుకుని ఎరగరు. ఆ కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక సాయంత్రం బియ్యం ఏరుకుంటూ ఉంటే నా గుండె ఉన్నట్టుండి దడదడలాడింది, మధ్యలో ఒక దెబ్బ తప్పింది, మళ్ళీ ఢామ్మని కొట్టుకుంది. ఇక నా వంతు వచ్చిందనుకున్నాను.

అక్కడి నుంచి నా బతుకంతా నా మణికట్టు మీదే. కుడిచేతి వేళ్ళు ఎడమచేతి నాడి మీద పెట్టుకుని లెక్కపెట్టుకోవడం, వేలికి తగిలించుకునే మిషను కొనుక్కుని దాని అంకెలు చూసుకోవడం, అంకె పెరిగితే భయం, ఆ భయానికి అంకె ఇంకా పెరగడం. భీమవరంలో గుండె డాక్టరు గారు ఈసీజీ తీశారు, స్కానింగు తీశారు, ఒక రోజంతా ఒంటికి మిషను కట్టి పంపించారు, అన్నీ చూసి, "గుండె బాగానే ఉందమ్మా. అప్పుడప్పుడూ ఒక దెబ్బ ఎక్కువ పడుతోంది, దానివల్ల ప్రమాదం లేదు. నీకు పట్టుకున్నది భయం. దానికి ఈ మాత్ర కొన్నాళ్ళు వాడు, టీలు తగ్గించు, రోజూ నడువు" అన్నారు. నేనేం చేశానో తెలుసా, ఆ చీటీ మడిచి బీరువాలో పెట్టి పాలకొల్లులో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఆయనా అదే అంటే రాజమండ్రి వెళ్ళాను! మా ఆయన మాత్రం, "ముగ్గురు డాక్టర్లు బాగుందంటే నీకు బెంగగా ఉందేంటి కరుణా" అని నవ్వేవారు. ఆ నవ్వుకి ఒళ్ళు మండేది.

లేసు అల్లడం కూడా పాడైపోయింది. మా పనంతా లెక్క మీదే కదండీ, సూదితో వేసే గొలుసు కుట్టు ఒక్కటి తప్పినా తెలిసిపోతుంది. నేను ఒక పక్క గొలుసులు, ఇంకో పక్క గుండె దెబ్బలు కలిపి లెక్కపెట్టి, ఎనిమిది రేకుల పువ్వుకి పదకొండు రేకులు అల్లి ఇచ్చాను. లేసు తీసుకెళ్ళే ఏజెంటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ దేశం పువ్వండీ" అని తిరిగి ఇచ్చేశారు.

ఇవన్నీ నవ్వుకునే మాటలే గాని, నవ్వుకోలేని మాట ఒకటుంది. జ్యోతికి నెల తప్పింది. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, ఏడో నెల రాగానే తల్లి స్వయంగా వెళ్ళి బిడ్డని తెచ్చుకోవాలి కదా. నేను పంటు ఎక్కి ఏడాది దాటింది, నది మధ్యలో గుండె ఆగితే అక్కడ డాక్టరు ఎవరుంటారని. చించినాడ వంతెన మీదుగా బస్సులో చుట్టు తిరిగి వెళ్ళొచ్చు గాని, డాక్టరు దగ్గరికైతే తప్ప బస్సన్నా అంతే భయం. జ్యోతి ఫోను చేసి, "నేను ఇక్కడే ఉండిపోతాలే అమ్మా, అత్తయ్యగారు చూసుకుంటానన్నారు. నువ్వేమీ అనుకోకు. నువ్వు నన్ను చూసుకోవాలా, నేను నిన్ను చూసుకోవాలా చెప్పు" అంది. కోపంగా కాదు, చాలా ప్రేమగా అంది. ఫోను పెట్టేసి వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. గుండెని కాపాడుకుంటూ కాపాడుకుంటూ కూతుర్ని పోగొట్టుకుంటున్నానని అప్పుడు తెలిసింది నాకు.

ఆ గురువారం మధ్యాహ్నం గుడిలో స్త్రీల సమాజం ప్రార్థనకి వెళ్ళాను. మా సంఘంలో గొలుసు ప్రార్థన ఆనవాయితీ, అందరం గుండ్రంగా నిలబడి చేయి చేయి పట్టుకుని కళ్ళు మూసుకుని ఒకరి తరువాత ఒకరం ప్రార్థిస్తాం. నా పక్కన చేపలమ్ముకునే రత్నమ్మ గారు నిలబడ్డారు, డెబ్భై దాటిన మనిషి. ప్రార్థన సాగుతూ ఉండగా పాడు అలవాటు చొప్పున నా వేళ్ళు నాడి వెతుక్కున్నాయి. దొరికింది. అమ్మో, ఎంత వేగం! లెక్కపెడుతున్న కొద్దీ చెమటలు పట్టాయి, ఇక ఆగలేక, "అమ్మగారూ, నా గుండె ఆగిపోతోంది" అని కూలబడిపోయాను. అమ్మగారంటే మా పాస్టరు అయ్యగారి భార్య, ఆవిడ నీళ్ళకోసం పరిగెత్తారు. నేను మాత్రం పట్టుకున్న చెయ్యి వదలలేదు. రత్నమ్మ గారు నన్నూ ఆ చేతినీ చూసి, "ఓసి కరుణమ్మా, ఆ చెయ్యి నాదే. రేవు నుంచి పరుగున వచ్చాను, కొట్టుకోదేంటే మరి" అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు, అంతే, గుడంతా నవ్వే. నాకూ నవ్వొచ్చింది సహోదరులారా, అన్నయ్య పోయాక నేను అంతలా నవ్వింది అదే మొదలు, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను కూడా. రత్నమ్మ గారు నా తల మీద చెయ్యి పెట్టి, "తండ్రీ, ఇది తన గుండెకి భయపడింది చాలక నా గుండెకి కూడా భయపడుతోంది, నువ్వే చూసుకో. ఎలాగూ వచ్చావు గనక నా మోకాళ్ళు కూడా చూడు, ఆమేన్" అన్నారు. నేనూ ప్రార్థించాను. "ప్రభువా, మా అమ్మ కడుపులో ఈ గుండెని మొదలుపెట్టింది నువ్వు. ఆ రోజు నేనేం కాపలా కాశాను? ఇంక నా వల్ల కాదు. దీన్ని నువ్వే చూసుకో, నన్ను నా బిడ్డ దగ్గరికి పోనీ" అన్నాను. అంతకన్నా పెద్ద ప్రార్థన నాకు రాలేదు, ఆయన దానికే జవాబిచ్చాడు.

మర్నాడు బీరువాలోంచి చీటీ తీసి మాత్రలు మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ దేవుడు ఆ డాక్టరు గారి నోటితో చెబుతూనే ఉన్నాడు, వినకపోయింది నేనే. వేలికి తగిలించుకునే ఆ మిషనుని రత్నమ్మ గారికిచ్చేశాను. పొద్దున్నే గట్టు మీద నడక మొదలుపెట్టాను. ఏడో నెల రాగానే, ఎవరినీ తోడు అడక్కుండా, పంటు ఎక్కాను. నన్ను చూసి మా ఆయన చేతిలో తాడు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. సరిగ్గా నది మధ్యకి వచ్చేసరికి దడ మొదలైంది. "కొట్టుకోనీ ప్రభువా, నేను దిగేది మాత్రం అవతలి రేవులోనే" అన్నాను. ఎప్పుడు సద్దుమణిగిందో తెలియదు, చూసుకునేసరికి రేవు వచ్చేసింది.

మా వియ్యపురాలు వాకిట్లోనే ఎదురొచ్చి, "పంటు మీద ఒక్కరే వచ్చారా వదినగారూ" అని ఆశ్చర్యపోయారు. జ్యోతి గుమ్మంలో నిలబడి నన్ను చూసింది, లోపలికి వెళ్ళి ఒక బ్యాగు పట్టుకొచ్చింది. నిండుగా సర్ది ఉంది. ఎప్పుడు సర్దావే అన్నాను. "ఐదో నెలలోనే సర్దేశానమ్మా, నువ్వొస్తావని" అంది. నన్ను నొప్పించకూడదని రానంది గాని, నా బిడ్డ రెండు నెలలుగా బ్యాగు సర్దుకుని నా కోసం కూర్చుంది.

మనవరాలు పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం, పురుడు నా చేతుల మీదుగానే జరిగింది, దేవునికి వేలాది స్తోత్రాలు. దడ ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, అబద్ధం చెప్పను, వచ్చి దాని దారిన పోతుంది. మీలో ఎవరైనా నాలాగా భయంతో ఇంట్లో కూర్చుని ఉంటే, ముందు డాక్టరు గారికి చూపించుకోండి, ఆయన చెప్పింది నమ్మండి, మిగతాది ప్రభువు చేతికి ఇచ్చేసి గుమ్మం దాటండి. మీ కోసం కూడా ఎవరో ఒకరు సర్దుకుని కూర్చుని ఉంటారు, వెళ్ళి తెచ్చుకోండి.