ఉస్తాద్ చూసుకున్న ముందు చక్రాలు

మేడ్చల్ ఉస్తాద్ పోయాడు. మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే మా బామ్మర్ది ఫోన్ చేసి చెప్పాడు. రాత్రి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ ఎత్తబుద్ధి కాలేదు.

నాకు చదువు తక్కువ. తప్పులుంటే మీరే సర్దుకోండి. కానీ నేను ఎవరినీ ఊరికే పొగిడే మనిషిని కాను, శామీర్‌పేటలో ఎవరినైనా అడగండి. నా బండిని నాకంటే బాగా ఎరిగినవాడు ఆ మెకానిక్ ఒక్కడే.

నాది మిలిటరీ వాళ్ళు వేలంలో అమ్మిన పాత ఫోర్‌వీల్ బండి. చెరువులో చేపలు పట్టే కాలంలో బురదలోంచి లోడు బయటికి తెచ్చేది అదొక్కటే. దాని రెండు ముందు చక్రాలకూ నడిబొడ్డున చేత్తో తిప్పే గుండ్రటి బిళ్లలుంటాయి, హబ్ లాకులంటారు. బురదలోకి పోయేముందు కిందికి దిగి రెండు పక్కలా తిప్పితేనే ముందు చక్రాలకు ఇంజన్ బలం అందుతుంది. రోడ్డెక్కాక మళ్ళీ వదులు చెయ్యాలి. వాటి మీది ఇంగ్లీషు అక్షరాలు నాకు రావని ఉస్తాద్ ఎర్ర చుక్క, పచ్చ చుక్క పెట్టి ఇచ్చాడు. "ఎర్రది పైకొస్తే పట్టినట్టు. సదువుకున్నోడు గూడ గీ సుక్కనే చూస్తడు తియ్," అన్నాడు.

అత్వెల్లి దాటాక రోడ్డు పక్కనే ఆయన రేకుల షెడ్డు. ఏ చెడూ లేకున్నా ఏటేటా హబ్బులు విప్పి కడిగేవాడు. ఒక డ్రైవర్ బిళ్లను పానాతో తిప్పి గీతలు పడేసుకొని వస్తే, "చెయ్యికి తిరుగుతలేదంటే లోపల ఏందో అయింది. గొంతు పిసికి పాట పాడిపిస్తవా?" అని గదిమాడు. బండి ఎంత నిలబడి ఉన్నా వారానికోసారి హబ్బులు పట్టించి కొంత దూరం నడపమనేవాడు. లేకపోతే లోపలి ఆయిల్ కదలదట.

ఒక ఎండాకాలం జరిగింది చెబుతాను. మా దిక్కు గ్రీజు అంటే నెయ్యి లెక్క, ఎంత పెడితే అంత ప్రేమ. మా బామ్మర్ది ఆ ప్రేమతోనే నాకు చెప్పకుండా కుడి హబ్బు విప్పి నిండా కూరాడు. తెల్లారి చెరువులో చేపల డబ్బాలు ఎక్కించాక బండి బురదలో కూలబడింది. ఎర్ర చుక్కలు పైకే ఉన్నాయి, వెనక చక్రాలు బురద చిమ్ముతున్నాయి, ముందువి మాత్రం కదలవు. చేపలు పట్టేవాళ్ళలో పెద్దామె ఒకతి నా దగ్గరికొచ్చి, "ఎండ పైకొస్తే గీ చేపను కుక్క గూడ ముట్టదయ్యా. ఏడాది పొడుగూత సాదుకున్నం," అంది. వెంటనే ఉస్తాద్‌కు ఫోన్ చేశాను.

స్కూటర్ మీద వచ్చి, చెప్పులు విడిచి, బురదలో దిగాడు. నన్ను గేరు వెయ్యమని కిందికి వంగి చూశాడు.

"కుడి దిక్కు ఇరుసు ఉత్తగ తిరుగుతాంది, చక్రం పట్టుకుంటలేదు. ఒక దిక్కు పట్టకుంటె రెండో దిక్కుకు గూడ బలం రాదు," అన్నాడు. మూత విప్పి చూసి, "ఎవడు గీడ నెయ్యి వోసింది?" అని అరిచాడు.

"నేనే ఉస్తాద్," అన్నాడు మా బామ్మర్ది. "జర ఎక్కువుంటె మంచిదని..."

"బేరింగుకు నిండ వెట్టాలె, గీ లాకుకు ఉత్తగ పూయాలె. పండ్లు కదలకుంట మూసుకపోయినయ్. నెయ్యి మీ బావ పప్పుల పొయ్‌రా!"

అందరం నవ్వాం. పెద్దామె నవ్వలేదు. డబ్బాల మీద గోనె సంచులు కప్పి నీళ్ళు చల్లుతోంది.

ఉస్తాద్ డీజిల్ గుడ్డతో లోపలి పళ్ళచక్రం ఒక్కొక్క పన్ను తుడుస్తున్నాడు. ఎండ గట్టు దిగి వస్తోంది. "ఇంకెంత సేపు కొడుకా?" అందామె.

"నీళ్ళు జల్లుతుండు అవ్వా. జల్దీ జేస్తె మళ్ళ దిగవడతది."

లోపలికి నీళ్ళు దూరకుండా మూత కింద పెట్టే కాగితం చినిగింది. సంచిలోంచి పాత పెండ్లి కార్డు తీసి, మూత అంచుకు పెట్టి సుత్తితో చిన్నగా కొట్టాడు. సరిగ్గా ఆ వంపుకే తెగింది. "పెండ్లి అయిపోయింది గాని కార్డుకు పని ఇప్పుడు దొరికింది," అన్నాడు. మూత బిగించి, బిళ్ల తిప్పి, బండిని కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు ఆడించమన్నాడు. లోపల టక్కుమంది. ముందు చక్రాలు బురదను కరిచాయి.

బండి గట్టెక్కుతుంటే ఆడామగా అరుపులు. ఉస్తాద్ ఎక్కి కూర్చోలేదు, ఎవరి వైపూ చూడలేదు. తొడల దాకా బురదతో బండి ముందర వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. చూపంతా ఆ రెండు చక్రాల మీదే. నడక నేర్చే పిల్లల్ని పిలిచినట్టు రెండు చేతులూ ఊపుతూ "రా... రా..." అంటున్నాడు. నా వెనక తడి గోనెల కింద చేపలు ఇంకా తోకలు కొట్టుకుంటున్నాయి.