హనుమంతప్ప సారు సైబీరియా

హనుమంతప్ప సారుకు ఒకటే జబ్బు. ఏ మాట ఎత్తినా అది తిరిగి తిరిగి సైబీరియాకు చేరాల్సిందే. కల్యాణదుర్గం బస్సు ఎన్నింటికి సార్ అని అడిగితే, లీనా నది ఏ నెలలో గడ్డకడుతుందో చెప్పేవాడు. అడిగినవాడు అర్థంకాక తల గోక్కుంటుంటే బస్సు వచ్చి పోయేది.

ఆయన పుట్టిందీ పెరిగిందీ పాఠాలు చెప్పిందీ అంతా మా కంబదూరు మండలంలోనే. ఉత్తరాన గుత్తి దాటి పోయిన దాఖలా లేదు. టీచర్ ట్రైనింగు రోజుల్లో పాత కాగితాల అంగట్లో రష్యావాళ్ళ రంగుల పత్రిక ఒకటి దొరికిందట. అందులో మంచులో నిలబడిన ధ్రువపు జింక బొమ్మ. బయట చూస్తే ఎండ మాడిపోతోంది. "ఆ జింక నా వంకే చూసె దివాకర్" అని నాతో చాలాసార్లు అన్నాడు. జింక చూసిందో లేదో నాకు తెలీదు, దాని చూపుకు బలైంది మాత్రం మా హైస్కూలు.

ఆయన సోషలు, నేను లెక్కలు. మా రెండు తరగతులకూ మధ్య గోడ సగమే కట్టి వదిలేశారు. నేను ఇవతల త్రిభుజం గీస్తుంటే అవతల మంచు తుఫాను లేచేది. "ఊపిరి వదిలితే మీసాల మీద మంచు పేరుకుంటాది! ఇనుము పెళుసైపోతాది!" అని ఆయన అరుస్తుంటే, రేకుల కప్పు కింద చెమటలు కక్కుతున్న నా పిల్లలు కూడా చేతులు ముడుచుకునేవాళ్ళు.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల్ని అడిగాడు. "మన జిల్లాలో ఏమేం ఖనిజాలు దొరుకుతాయి?"

"వజ్రాలు సార్!"

"శభాష్. వజ్రకరూరు ఉంది కదా. ఇంకా?"

"సహజవాయువు, నేల బొగ్గు, దంతాలు సార్!"

"దంతాలా? ఎవరివి?"

"మామత్ ఏనుగులవి సార్. మంచు కరిగితే బయటపడతాయి."

ఆ అధికారి పుస్తకం తీసి చూశాడు, కిటికీలోంచి ఎర్రమట్టి చూశాడు, మళ్ళీ పుస్తకం చూశాడు. చివరికి "సంతృప్తికరం" అని రాసి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఊరివాళ్ళకూ ఇదే అవస్థ. సుబ్బన్న బోరు వేయిస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మనిషి తల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటే మన సారు పక్కన చతికిలబడ్డాడు.

"బాధపడొద్దు సుబ్బన్నా. సైబీరియాలో యాకుట్స్క్ అనే ఊర్లో ఒకాయన ఏండ్ల తరబడి బావి తవ్వించినాడు. అడుగుదాకా గడ్డకట్టిన నేలే."

"మంచన్నా వచ్చె గదా సార్, కాంచుకుంటే నీళ్ళు! నాకు దుమ్ము వచ్చె."

"ఇంకొక సంగతి. మన జిల్లాలో పడే వానలో సగం గూడ పడని ఊర్లు ఆడ ఉండాయి. అయినా ఎండాకాలం ఎటు చూసినా మడుగులే. కింద నేల గడ్డకట్టి ఉండాది, నీళ్ళు ఇంకవు. పైన చలి, ఆవిరి కావు."

సుబ్బన్న ఏడుపు మానేసి ఆలోచనలో పడ్డాడు. "అంటే ఇప్పుడు మనం నేలను గడ్డ కట్టించల్లా సార్?"

పాలుపోసే సుంకమ్మను కూడా ఆయన వదల్లేదు. ఆ దేశంలో పాలు గడ్డలుగా అమ్ముతారనీ, సంచిలో వేసుకుని భుజాన పెట్టుకు పోతారనీ చెప్పాడు. "గడ్డలైతే నీళ్ళెట్ల కలుపుతారు సార్?" అని సుంకమ్మ నిజంగానే దిగులుపడింది.

ఇట్లా నవ్వుకుంటూ ఉండగా 2002 వచ్చింది. ఆ ఏడు వేరుశనగ పూత దశలోనే మాడిపోయింది. సంక్రాంతి పోయేసరికి పశువులకు పరక లేదు. గొర్రెల కాపరి ఎర్రిస్వామి మందను తోలుకుని సిరుగుప్ప వైపు, తుంగభద్ర కాలువ కిందికి పోవడానికి సిద్ధమయ్యాడు. ఆయన కూతురు చౌడేశ్వరి పదో తరగతి. పరీక్షలు మార్చిలో. పరీక్ష రాయించి పోదామంటే అన్నాళ్ళు గొర్రెలు బతకవు. పాపను ఇక్కడ వదిలిపోదామంటే చూసుకునే అవ్వాతాతలు లేరు.

ఆ పాప ఒక సాయంత్రం మా ఇద్దరి దగ్గరకూ వచ్చింది. ఏడవలేదు, కోపంగా చెప్పింది. "పరీచ్చ రాయకుండా పోతే నన్ను మందలోకే యేస్తారు సార్. మళ్ళా బడి మొగం చూడను."

లెక్కల్లో అంత చురుకైన పిల్ల మా బడిలో మరొకరు లేరు. ఇద్దరం ఎర్రిస్వామి ఇంటికి పోయాం.

"ఎర్రిసామీ, పాపను మా ఇంట్లో వదిలిపో అప్పా. మహేశ్వరి చూసుకుంటాది" అన్నాడు హనుమంతప్ప సారు. మహేశ్వరి ఆయన భార్య.

ఎర్రిస్వామి పెళ్ళాం నల్లమ్మ గొంతు లేచింది. "అన్ని దినాలు ఒకరింట్లో కూడు తినేదానికి మేమేమన్నా దిక్కులేనోళ్ళమా సార్?"

"పోనీ, మంద ఈడనే ఉండనీ. మేత నేను పెట్టిస్తా."

"మీరు మంచోళ్ళే సార్" అన్నాడు ఎర్రిస్వామి. "అయినా ఊరికే పెడితే తినేది మా వంశంలో ల్యా. మా గొర్లు గూడ తినవు."

తిరిగొస్తూ ఊరి గుట్ట ఎక్కాం. సారు ఉన్నట్టుండి ఆగి, "దివాకర్, ధ్రువపు జింకలు మంచు కింద పాచిని గిట్టలతో ఎట్ల తవ్వుకుంటాయో నీకు తెలుసునా?" అన్నాడు. ఆ మనిషిని ఆ గుట్టమీద నుంచి కిందికి తోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

మర్నాడు ఊరంతా ఒకటే వార్త. హనుమంతప్ప సారు తన పొలంలో ఎర్రిస్వామి మందను నిలిపించుకుంటున్నాడు! మా వైపు పొలంలో రాత్రిళ్ళు గొర్రెల మందను పడుకోబెడితే అది ఎరువు. అందుకు రైతు కాపరికి గింజలిస్తాడు. అది దానం కాదు, పని. కాబట్టి ఎర్రిస్వామి ఒప్పుకున్నాడు. కానీ ఎవరైనా ఆ పని వానలకు ముందు చేస్తారు, మాఘమాసంలో చేయరు. పైగా సారుది గరిక కూడా మొలవని రాళ్ళ పొలం.

"ఎరువంతా ఎండకు మాడి బూడిదైతాది గదా సార్!" అని సుబ్బన్న మొత్తుకున్నాడు.

"ఇది ఎరువు కోసం గాదప్పా. టండ్రా పశుపోషణ ప్రయోగం. మార్చి ఆఖరుదాకా నడుస్తాది" అన్నాడు సారు.

ప్రయోగం ఏమిటంటే, కొనితెచ్చిన వేరుశనగ కట్టెను, అంటే కాయలు తీసేసిన ఎండు మొక్కల్ని, పొలంలో పరిచి, దాని మీద తెల్లటి యూరియా సంచులు విప్పి కప్పడం. సంచులు మంచు, కట్టె పాచి, మా గొర్రెలు జింకలు. అవి గిట్టలతో మంచును తొలగించి మేత తినాలి. మొదటి రోజు గొర్రెలన్నీ బిత్తరపోయి నిలబడ్డాయి. ఒక పొట్టేలు ముందుకొచ్చి మంచునే నమిలింది.

ఎర్రిస్వామికి జింకల మీద కుతూహలం పుట్టింది. "సార్, వాటికి ఉన్ని గొరుగుతారా?"

"లేదప్పా."

"ఈతకు ఎన్ని పిల్లలు?"

"ఒకటే. అదీ ఏడాదికి ఒక్క తూరి."

"దండగ యవ్వారం" అని ఎర్రిస్వామి సైబీరియా మొత్తాన్ని కొట్టిపారేశాడు. తర్వాత అనుమానంగా సంచుల వంక చూసి, "అయినా మంచు అంటిరి, సంచులు పరిస్తిరి. మంచు యాడుండాది సార్?" అన్నాడు.

సారు ముఖం పాలిపోవడం నేను చూశాను. మర్నాడే సెలవు పెట్టి కల్యాణదుర్గం పోయి, ఫ్యాక్టరీలో పెద్ద ఐసుదిమ్మె కొని, రంపపు పొట్టు పోసి గోనెలో చుట్టి బస్సెక్కించాడు.

ఆ రోజుల్లో మా పల్లెలకు ఐసుదిమ్మె వచ్చిందంటే ఒకటే అర్థం. ఎవరో పోయారు, దూరం నుంచి రావలసినవాళ్ళు ఇంకా రాలేదు. కండక్టరు గొంతు తగ్గించి అడిగాడట, "ఎవరు సార్ పోయింది?" అని.

"ఎవరూ పోలేదప్పా. గొర్లకు."

"పాపం, దుఃఖంలో మతి చెదిరింది" అని కండక్టరు ఒక పెద్దాయన్ని లేపి మరీ సారును కూర్చోబెట్టాడు. దారిలో బస్సు ఆగిన చోట ఎవరో దిగి ఊరికి ఫోను కొట్టారు. హనుమంతప్ప సారు ఐసు తెస్తున్నాడంటే ఇంకెవరు, మహేశ్వరమ్మే అని ఊరు తేల్చేసింది. సుబ్బన్న పూలదండ తెచ్చాడు. డప్పులవాళ్ళు వచ్చారు. నేను తరగతి వదిలేసి పరుగెత్తాను. సుంకమ్మ అందరికంటే ముందు గుండెలు బాదుకుంటూ వాకిట్లోకి దూకింది.

"ఏమైంది సుంకమ్మా?" అంటూ మహేశ్వరి చేతిలో చేటతో బయటికొచ్చింది.

సుంకమ్మ కెవ్వున అరిచింది. "అమ్మా! నువ్వు ఉండావా?"

"ఉండక యాడికి పోతా?"

"మరి పోయిందెవరు?"

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఎవరు తక్కువయ్యారా అని వెతుక్కుంటున్నారు. అంతలో సారు గోనెసంచి మోసుకుంటూ వచ్చాడు. చొక్కా, పంచె తడిసి ముద్దయ్యాయి. దిమ్మె కరిగి కరిగి టెంకాయంత మిగిలింది.

"ఏమప్పా, ఇంతమంది వచ్చినారే ప్రయోగం చూసేదానికి!" అని ఆయన మురిసిపోయాడు.

వచ్చిన డప్పులు ఊరుకుంటాయా? మోగాయి. ఊరంతా డప్పులతో, పూలదండతో ఆ ఐసుముక్కను రాళ్ళ పొలానికి ఊరేగించాం. ఎందుకు పోతున్నామో ఎవరికీ తెలియదు, అయినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. గొర్రెలు దాన్ని వాసన చూసి తుమ్మాయి. ఎర్రిస్వామి వేలు పెట్టి చూశాడు. "సల్లగ ఉండాది. నిజమే, ప్రయోగమే" అని తల ఊపాడు.

నాకు ఒళ్ళు మండింది. సారు ఇంటికి పోయి మహేశ్వరితో "అమ్మా, ఈయన్ని అనంతపురంలో డాక్టరుకు చూపిద్దాం" అన్నాను.

"అన్నా, నీకు లెక్కలు వస్తాయంటారే" అంది ఆమె. "చౌడేశ్వరి పరీక్షలు ఎప్పుడు అయిపోతాయి?"

"మార్చి ఆఖరుకు."

"ఈయన ప్రయోగం?"

"మార్చి ఆఖ..." అనేసరికి నాకు లెక్క తేలిపోయింది. నేరుగా మేత పెడతానంటే ఎర్రిస్వామి తీసుకోడు. పిచ్చివాడికి పని చేసిపెడుతున్నానంటే తీసుకుంటాడు. ఐసు తెచ్చింది ఎర్రిస్వామి అనుమానం తీర్చడానికి. ఇన్నేళ్ళు ఆ మనిషిని చూసి నవ్వినవాణ్ణి, ఆ పూట నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

చౌడేశ్వరి పరీక్షలన్నీ రాసింది. ఆఖరి పరీక్ష అయిన మర్నాడు మంద కదిలింది. ఎర్రిస్వామి నన్ను పక్కకు పిలిచాడు.

"ఒక మాట సార్. మేం ఎప్పుడో పోవల్ల. ఎవరి కాడో గింజలు తెచ్చుకునే ఖర్మ మాకేం? ఆ సారు ఒంటిగా ఆ బీట్లో సంచులు పరుచుకుంటాండె. మేం పోతే ఆయప్పకు మతి పూర్తిగా చెడ్తాదని నల్లమ్మ అనె. అందుకే ఉండిపోతిమి. ఈ మాట ఆయనకు చెప్పొద్దండి, నొచ్చుకుంటాడు."

నేను సారు దగ్గరికి పోయాను. నాకు లెక్క తెలిసిపోయిందని మహేశ్వరి అప్పటికే చెప్పినట్టుంది. "అసలు సంగతి ఎర్రిసామికి చెప్పొద్దు దివాకర్, నొచ్చుకుంటాడు" అన్నాడు ఆయన.

ఎవరు ఎవరికి సాయం చేశారో నాకు ఇప్పటికీ తేలలేదు. అందుకే ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. చౌడేశ్వరి ఫస్ట్ క్లాసు. రాళ్ళు పగిలే ఎండలో ఎర్రిస్వామి, నల్లమ్మ, కూతురు సిరుగుప్ప నుంచి నేరుగా సారు ఇంటికొచ్చారు. నేను అప్పటికే అక్కడ ఉన్నాను.

"పాపను కల్యాణదుర్గంలో కాలేజీకి ఏస్తాండా సార్. గొర్లకు నేనుండా గదా" అన్నాడు ఎర్రిస్వామి. తర్వాత మూట విప్పాడు. అందులో కొత్త నల్ల కంబళి, రెండు వేళ్ళ మందం. "నల్లమ్మ ఒడికిన ఉన్ని సార్. మీకు సైబీరియా అంటే అంత పానం గదా. ఆ చలికి ఉంటాదని నేయిస్తిమి."

మొగుడూ పెళ్ళాలిద్దరూ దాన్ని సారు మెడనుంచి మోకాళ్ళదాకా చుట్టేసి, వెనక్కి జరిగి తృప్తిగా చూశారు. ఇంట్లో కరెంటు లేదు. క్షణంలో సారు గడ్డం మీదనుంచి చెమట ధారలు కట్టింది. నేను చేతికి దొరికిన అట్టతో విసురుతున్నాను.

"ఎట్లుండాది సార్?" అంది నల్లమ్మ.

హనుమంతప్ప సారు నోరు తెరిచాడు. లీనా నది వస్తుందని నేను సిద్ధపడ్డాను. రాలేదు. ఆయన కళ్ళు ఒకసారి ఆ పిల్ల వంక పోయి వచ్చాయి.

"వెచ్చగ ఉండాదమ్మా. శానా వెచ్చగ ఉండాది."

చౌడేశ్వరి నవ్వు ఆపుకోలేక "తియ్యి నాయనా, సారు సచ్చిపోతాడు!" అంది.

"ఉండనీ పాపా" అన్నాడు ఆయన, కంబళిని ఇంకా దగ్గరికి లాక్కుంటూ. "ఇంకొంచేపు ఉండనీ."