రెండోసారి పడిన ఉప్పు

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామమున మీకందరికీ నా వందనాలు. నానక్‌రామ్‌గూడలో ఆడవాళ్లు కలిసి వంటల సహకార సంఘం పెట్టుకుంటున్నారన్న వార్త నాకు మొదట తెచ్చినది మా పక్క గదిలో కిరాయికుండే ఎల్లమ్మక్క. ఆమె మన మందిరానికి వచ్చే మనిషి కాదు, అయినా ఆ కబురు ఆమె నోటనే దేవుడు నాకు పంపాడని నేను నమ్ముతున్నాను.

అప్పటికి మా ఇంట్లో చీకటి రోజులు. మా ఆయన జీడిమెట్లలో ఒక రసాయనాల కంపెనీలో పని చేసి చేసి దగ్గు తెచ్చుకున్నాడు, నాలుగు మెట్లెక్కితే ఊపిరందక గోడకు ఆనుకునేవాడు, దవాఖానలో ఆ పని మానమన్నారు, పని మానితే పొయ్యి ఆరింది. నేను బడికి పోలేదు. మా నాయన ఒళ్లో కూర్చోబెట్టుకుని వాక్యం మీద వేలు పెట్టి అక్షరాలు నేర్పాడు, కాబట్టి చదవడం వచ్చు గాని నలుగురి ముందు నోరు తెరవడం ఏనాడూ రాలేదు. అలాంటి నన్ను, గదిలో మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండగా, ఎల్లమ్మక్క గడప దగ్గర నిలబడి పిలిచింది.

"దీనమ్మా, జర బయటికి రా! మాదాపూర్‌ల కంప్యూటర్ ఆఫీసోళ్లకు పగటి బువ్వ మనమే వండి పంపుతమంట. సేటు లేడు, మేస్త్రీ లేడు, అందరం మాలిక్‌లమేనంట. వస్తవా, గిట్లనే ఇంట్ల కూసోని ఏడుస్తవా?"

వెళ్లాను. సంఘం పెట్టించినది శేరిలింగంపల్లిలో ఉండే ఒక టీచరమ్మ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. "ఇక్కడ పెద్దా చిన్నా లేదండీ, ఒక్కో మనిషికి ఒక్కో చెయ్యి, ఏదైనా చేతులెత్తే తేల్చుకోవాలి" అని మొదటి రోజే చెప్పింది. ఇంకొక నియమం కూడా పెట్టుకున్నాం. వండినామె కాక వేరొకామె రుచి చూడందే ఏ గిన్నెకూ మూత పెట్టకూడదు. పది నెలలు అలాగే నడిచింది, మా ఇంట్లో పొయ్యి మళ్లీ వెలిగింది, దేవునికే మహిమ!

అప్పుడు వచ్చింది శ్రావణ శుక్రవారం. అక్కలందరూ సాయంత్రం పూజ అయ్యేదాకా ఒక్కపొద్దు, నాకేమో శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఆ రోజు పప్పు వంతు ఎల్లమ్మక్కది. రుచి చూసే నోరు ఒక్కటీ లేదు. "ఒక్కపొద్దుండి ఎంగిలి పడతమా? వాసనతోనే తెలుస్తది" అని ఒకామె అంటే అందరం సరే అన్నాం. ఎల్లమ్మక్క నీళ్ల కోసం బయటికి పోయిన సమయంలో నేను గిన్నె మీదికి వంగి వాసన చూశాను, ఉప్పు తగలలేదనిపించింది, ఆమె మాటల్లో పడి మరిచిందని నాకు నేనే అనుకున్నాను, పిడికెడు ఉప్పు వేసి కలిపాను, సాయం చేశాననుకుని ఆ మాట ఆమెతో అనలేదు.

ఆమె అంతకుముందే వేసింది.

పప్పు గిన్నెలు గిన్నెలుగా తిరిగి వచ్చింది. ఇంకొక్కసారి ఇలా అయితే వేరేవాళ్లను చూసుకుంటామని ఆఫీసువాళ్లు కబురు పంపారు. మర్నాడే మేము వండే రేకుల షెడ్డులో సంఘమంతా కూర్చున్నాం. "నేను ఒక్కసారే ఏసిన, నా బిడ్డ మీద ఒట్టు!" అంది ఎల్లమ్మక్క, ఎవరూ నమ్మలేదు. "నీ నోరు ఆగితే గద, చెయ్యి ఎన్నిసార్లు ఏసిందో తెలిసేది" అన్నారు. ఆమెను సంఘం నుంచి తీసేయాలా అని టీచరమ్మ అడిగింది. నేను నిజం చెబితే నన్ను తీసేస్తారు, మా ఆయన మందులు ఆగుతాయి, ఈ ఒక్క ఆలోచనే నా తలలో తిరుగుతోంది, చుట్టూ చేతులు లేస్తున్నాయి, సహోదరులారా, నేను కూడా చెయ్యి ఎత్తాను! నన్ను పిలిచి తెచ్చిన మనిషిని బయటికి పంపడానికి ఎత్తాను.

ఎల్లమ్మక్క మేడలు కట్టేచోట ఇటుకలు మోసే పనికి పోయింది. నేను రోజూ వంటకు పోయి వస్తూనే ఉన్నాను, కాని వాక్యం చదవబోతే నాయన నేర్పిన అక్షరాలు కళ్ల ముందే ఉండి నోట్లోకి రాలేదు. మూడు వారాలు అలా గడిచాక ఒక పొద్దున మా ఆయన ఏమైందని అడిగాడు, చెప్పేశాను. ఆయన దగ్గు ఆపుకుని, "నా ఊపిరి కోసం తర్వాత అడుగు, ముందు దీని కోసం అడుగు" అన్నాడు. ఇద్దరం మోకరించాం. "తండ్రీ, అబద్ధానికి లేచిన ఈ చెయ్యిని క్షమించు, నిజం చెప్పే నోరు నాకియ్యి, పని పోతే పోనియ్యి, నీవు మాత్రం నన్ను విడిచి పోవద్దు" అని ఏడ్చాను. లేచేసరికి భయం పోలేదు గాని కాళ్లు మాత్రం నడిచాయి.

ఎల్లమ్మక్క గదికి పోతే ఆమె కుడి చేతికి కట్టు ఉంది. ముందు రోజే ఇటుకల గంపతో మెట్ల మీది నుంచి జారి పడిందట. నేను సంగతంతా చెప్పాను.

"నువ్వేసినవా? నీ చెయ్యి పాడుగాను! నాకు చెప్తే ఏమొస్తది? చేతులెత్తినోళ్లకు పోయి చెప్పు, పో!"

పోయాను. ఆ మధ్యాహ్నం షెడ్డులో జీవితంలో మొదటిసారి నలుగురి ముందు లేచి నిలబడ్డాను. నా ఉప్పు, నా మౌనం, నా చెయ్యి, అన్నీ చెప్పాను. తర్వాత ఒకామె, "ప్రార్థన చేసే చెయ్యి గద, ధారాళంగనే పడ్డది" అంది, కొందరు నవ్వారు, కొందరు నన్ను గట్టిగానే తిట్టారు, తిట్టదగినదాన్నే. ఎల్లమ్మను తిరిగి పిలవడానికి అన్ని చేతులూ లేచాయి. నన్ను ఉంచుకుందామా అన్నప్పుడు సగం కంటే కాస్త ఎక్కువ చేతులు లేచాయి. ఆ కాస్తనూ దేవుని కృప అంటాను. ఏ రోజైనా సరే, ఒక్కపొద్దు లేని ఒక్కామెనైనా రుచి చూడడానికి పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించాలని ఆ రోజే తీర్మానించుకున్నాం.

మా ఆయన దగ్గు పూర్తిగా పోలేదు. ఇప్పుడు మా షెడ్డులోనే కూర్చుని కూరగాయలు కోస్తాడు, ఊపిరి అందుతోంది, స్తోత్రం. దేవుడు నన్ను విడిపించినది రోగం నుంచి కాదు, నా నోటికి నేనే వేసుకున్న తాళం నుంచి. ఇది చదువుతున్నవారిలో ఎవరైనా నాలాగ ఒక మాటను దాచుకుని కూర్చుంటే, ఆయన మీద భారం వేసి ఈరోజే చెప్పేయండి, ఆయన చెయ్యి విడువడు.

ఎల్లమ్మక్క తిరిగి వచ్చింది. నన్ను "ఉప్పు దీనమ్మ" అని పిలుస్తుంది, పప్పు దగ్గరికి పోతే గరిటె చూపిస్తుంది. క్షమించానని మాత్రం ఇంతవరకు అనలేదు, నేను అడగలేదు. ఆమె కుడి చెయ్యి ఇంకా భుజం దాటి పైకి లేవదు, సంఘం కూర్చున్నప్పుడు ఎడమ చెయ్యి ఎత్తుతుంది. మీరు మోకరించినప్పుడు నా పేరు అక్కర్లేదు. ఎల్లమ్మ అని ఒక్కసారి తలుచుకోండి, ఆమె కుడి చెయ్యి కోసం అడగండి.