సన్యాసి మావ మరిచిపోయిన జోళ్ళు

సన్యాసి ఊళ్ళోకి వెళ్ళి ఎవరింట్లోనో ఏదో ఒకటి మరిచిపోకుండా బయటపడిన రోజు లేదు. గొడుగు, తువ్వాలు, కళ్ళజోడు, హెల్మెట్, ఒకసారి చేపల సంచీ. ఆ చేపల ఇంటి ముసలమ్మ మాత్రం ఆయన వెనక్కి వచ్చేదాకా ఆగలేదు, పులుసు పెట్టేసుకుంది. సుంగై సిపుట్‌లో తోటపనికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళ నాలుగు వీధుల్లో ఎవరి వసారాలోనైనా దిక్కులేని వస్తువు కనిపిస్తే, అది ఎవరిదని ఎవరూ అడగరు. "సన్యాసి మావ ఎప్పుడొచ్చి ఎల్లినాడు?" అని అడుగుతారు.

వస్తువులతో ఆగితే పోనీ అనుకోవచ్చు. బంటింగ్‌లో ఒక పెళ్ళికి వెళ్ళి, భార్య పోలమ్మనే అక్కడ మరిచిపోయి వచ్చేశారు. ఇంటి దారిలో తాపా ఊరి దాకా కారు నడిపి, "వక్క ఇయ్యవే" అని వెనక సీటుకేసి చెయ్యి చాపితే, ఆ చేతిలో వక్క పడలేదు. అప్పుడు కారు తిప్పారు. వెళ్ళేసరికి పందిరి విప్పేస్తున్నారు. పోలమ్మ పెళ్ళికూతురి తల్లి పక్కన కూర్చుని తాపీగా వక్క నములుతోంది.

"లడ్డూల సంచీ గేపకం ఉంది గాని, నాను గేపకం రానేదా?" అంది.

"లడ్డూలు ఒళ్ళో ఎట్టుకున్నాను గదే" అన్నారు సన్యాసి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయనది కాలు నిలవని ఒళ్ళు. రబ్బరు తోటల లారీ నడిపినంత కాలం ఎలా కూర్చున్నారో ఆ లారీకే తెలియాలి. పెళ్ళి భోజనం నిలబడే తింటారు. క్షవరం చేయించుకునేటప్పుడు కుర్చీలోంచి లేచిపోతుంటే మంగలి కత్తెర పట్టుకుని ఆయన చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు. ఎవరింటికి వచ్చినా గేటు ముందు మోటారు సైకిలు ఇంజను ఆపరు. "కూకోండి" అంటే "టైం నేదమ్మా" అంటారు. రెండు మాటలు చెప్పి తుర్రుమంటారు. వీధి చివరి దాకా వెళ్ళి, అప్పుడు తల మీద చెయ్యి పెట్టుకుంటారు.

అక్కడినుంచి మనిషి మారిపోతారు. బయలుదేరినవాడు మధ్యలో వెనక్కి వస్తే, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి, అప్పుడే మళ్ళీ కదలాలి. ఈ నియమాన్ని ఆయన అవ్వ ఈ దేశం రావడానికి విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కినప్పుడు మూటలో కట్టుకుని తెచ్చుకుంది. మూటలో తక్కినవన్నీ తోటపనిలో చిరిగిపోయాయి. నియమం ఒక్కటే మిగిలింది. అందుకని సన్యాసి ఇంజను ఆపుతారు. కూర్చుంటారు. నీళ్ళు అడుగుతారు. కాఫీ అయితే మరీ మంచిది, అందులోనూ ఉన్నది నీళ్ళే గదా అంటారు. కాసేపు అని శాస్త్రం చెప్పింది గాని, ఎవరి గడియారంతో కొలవాలో చెప్పలేదు.

ఈ శాస్త్రం బరువు అందరికన్నా ఎక్కువగా మోసింది రామలక్ష్మి. ఆమె భర్త రాజన్, సన్యాసికి చిన్నాన్న కొడుకు, పోయి ఏడాది కావస్తోంది. ముందే ఆమె మాట తక్కువ మనిషి. రాజన్ పోయాక ఆ తక్కువ కూడా పోయింది. పోయిన కొత్తల్లో ఒక పొద్దున్న ఆమె గేటు దగ్గర నిలబడి ఉండగా పక్కింటి తివ్య పనికి వెళ్తూ చెయ్యి ఊపింది. వీధి మలుపులో వానకి బండి జారి ఆ చెయ్యే విరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. రామలక్ష్మి తనకు తానే అనుకుంది, పనికి పోయే పిల్లకి నా మొహం ఎదురొచ్చింది గదా అని. తివ్య చెయ్యి అతుక్కుంది. రామలక్ష్మి గేటు మాత్రం ఆ తరవాత పొద్దున్నపూట తెరుచుకోలేదు. ఫ్యాక్టరీ బస్సులూ బడిపిల్లలూ అందరూ వెళ్ళిపోయి వీధి ఖాళీ అయితేనే బయట ముగ్గు పడేది.

అలాంటి ఇంటి ముందు రోజూ ఇంజను చప్పుడు.

"ఏటమ్మా రామలచ్చిమీ, బాగున్నావా? నాను ఎల్తన్నాను."

ఆమె తలుపు చాటునుంచే తల ఊపేది. ఇంజను వెళ్ళిపోయేది, మళ్ళీ వచ్చేది.

"గొడుగు మర్సిపోనాను."

గొడుగు ఇవ్వాలంటే తలుపు తియ్యాలి. తలుపు తీస్తే నీళ్ళు ఇవ్వాలి. నీళ్ళు తాగేవాడు ఊరుకుంటాడా? వంకాయల ధర, గుడి కమిటీ తగువు, పోలమ్మ మోకాళ్ళు, అన్నీ ఆ గ్లాసులోనే కలిపి తాగుతారు. రామలక్ష్మికి విసుగు వచ్చేది. "ఇంకేటైనా మర్సిపోతే ఇప్పుడే సెప్పండి బావగారూ, వెతికి ఇచ్చేత్తాను" అని ఒకరోజు అనేసింది. చాలా నెలల్లో ఆమె అన్న పెద్ద మాట అదే. సన్యాసి సంబరపడిపోయి, ఆ సంబరంలో కళ్ళజోడు మరిచిపోయి వెళ్ళారు.

ఇలా ఉండగా కొండ మీద పరుగుపందెం వచ్చింది.

కేమరన్ కొండల్లో తానా రాతా అనే చిన్న ఊళ్ళో ఏటా జరిగే మరాథాన్ అది. మోటారు సైకిళ్ళు బాగుచేసే కోగిలన్ సుంగై సిపుట్ నుంచి వ్యానులో జనాన్ని తీసుకెళ్తాడు. దారిలో అన్నిటికన్నా ఎత్తయిన మలుపు దగ్గర మంచినీళ్ళ బల్ల ఒకటి ఉంటుంది. ఆ బల్ల రాజన్‌ది. మోకాళ్ళు పోయి పరిగెత్తలేక, ఏటా అక్కడ నిలబడి వచ్చేవాళ్ళకి నీళ్ళిచ్చేవాడు.

"ఈ ఏడు నాను పరిగెడతాను" అని సన్యాసి ప్రకటించారు.

"మీరా?" అంది పోలమ్మ. "సెందోల్ పాయసం కొట్టు దాకా నడిస్తే ఎగరొప్పు వస్తాది మీకు. కొండ మీద ఏటి సేత్తారు?"

"కొండ ఎక్కడం కాదే, తిరిగొచ్చేటప్పుడు దిగడం కూడా ఉంటాది."

"దిగితే మళ్ళీ పైన ఏదో మర్సిపోనానని ఎక్కుతారు. ఆ పందెం దీపావళికి కూడా అవ్వదు."

పోటీకి సాధన మొదలైంది. పొద్దున్నే మైదానం చుట్టూ పరిగెత్తి, ఇంటికొచ్చి, తువ్వాలు అక్కడే వదిలేశానని మళ్ళీ పరిగెత్తేవారు. ఇలా మరిచిపోయినవాటికి తిరిగే తిరుగుడులోనే సాధన అంతా అయిపోయిందని కోగిలన్ అంటాడు.

పందెం దగ్గర పడ్డాక సన్యాసి రామలక్ష్మి ఇంట్లో కూర్చుని, నీళ్ళు తాగుతూ, ఏమీ ఎరగనట్టు అన్నారు. "రాజన్ బల్ల కాడ ఈ ఏడు నువ్వు నిలబడాల."

ఆమె చేతిలో చెంబు ఆగిపోయింది. "నానా? పరిగెత్తుకుని వచ్చే అంతమందికీ నా మొహమే ఎదురా? ఎవరైనా పడితే?"

"పడితే లేస్తారు."

"వద్దు బావగారూ. నన్ను వదిలెయ్యండి."

సన్యాసి లేచారు. గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన వెనక్కి రాలేదు. రామలక్ష్మి గేటువైపు రెండు మూడుసార్లు చూసింది. వసారాలో ఆయన పరుగు జోళ్ళు ఉన్నాయి.

మర్నాడు, పందెం ముందురోజు మధ్యాహ్నం, ఇంటి ముందు కోగిలన్ వ్యాను ఆగింది. కిటికీలోంచి పోలమ్మ అరిచింది. "ఓలే లచ్చిమీ! ఆ మనిషి పొద్దున్నే మొదటి వ్యానులో కొండెక్కిపోనాడు. జోళ్ళు మీ ఇంట్లో మర్సిపోనాడట!"

రామలక్ష్మి జోళ్ళు తెచ్చి కిటికీలోంచి అందించబోయింది.

"నా సేతికి వద్దు. ఎవరింట్లో మర్సిపోతే ఆ ఇంటోళ్ళ సేతిమీదే పుచ్చుకోవాల అన్నాడు. అదేదో శాస్త్రమట."

"ఏ శాస్త్రం అక్కా?"

"ఏమో, కొత్తది. పొద్దున్నే ఫోనులో పుట్టింది. ఎక్కు."

"రేపు జోళ్ళు నేకుండా పరిగెడతారా అక్కా, ఈ మనిషి?"

"అంకుల్ పరిగెడతారు లా" అన్నాడు కోగిలన్, ఆ ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి, హారన్ మీద చెయ్యేసి. "ఆ అంకుల్ ఏదైనా చేస్తారు." హారన్ మోగింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. అంతమంది తనని చూడడం కన్నా వ్యాను లోపల కూర్చోవడమే నయమనిపించి రామలక్ష్మి ఎక్కేసింది. కొండదారి వంకరలకి పోలమ్మ దారంతా ఆమె ఒళ్ళో తలపెట్టి, ప్లాస్టిక్ సంచీలో మొహంపెట్టి, మొగుడి వంశాన్ని మొదటినుంచీ తిడుతూనే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కొండంతా మంచు. సన్యాసి ఆమె చేతిమీద జోళ్ళు పుచ్చుకుని, బల్ల దగ్గర నిలబడడానికి వేరే ఎవరూ లేరని చెప్పి పరుక్కి వెళ్ళిపోయారు. తేయాకు తోటలు ఒక్క వరసకన్నా ఎక్కువ కనపడడం లేదు. బల్ల దగ్గర రామలక్ష్మి రోడ్డుకి వీపు పెట్టి నిలబడింది. మొహం తోటవైపు, చేతులు వెనక్కి, చేతుల్లో నీళ్ళ కప్పులు. వచ్చేవాళ్ళు వచ్చి అందుకుంటున్నారు. కొందరికి అందలేదు. ఒక పెద్ద చీనా ఆయనకి కప్పు నేరుగా చంకలోకి వెళ్ళింది. ఆయన "థాంక్యూ ఆంటీ" అనే వెళ్ళాడు. ఒక్కరూ ఆమె మొహం కోసం చూడలేదు. అందరి చూపూ నీళ్ళమీదే.

అందరూ వెళ్ళిపోయాక, చాలాసేపటికి, మంచులోంచి సన్యాసి ఊడిపడ్డారు. వెనకాల నాలుగడుగుల దూరంలో, ఆఖరివాళ్ళని ఏరుకునే కోగిలన్ వ్యాను.

"ఈ కొండమీద గాలి అందరికీ సరిపోదమ్మా" అన్నారు రొప్పుతూ. "ముందు ఎల్లినోళ్ళు పీల్సేసి పోయినారు."

నీళ్ళు తాగి బయలుదేరారు. మలుపు దాకా వెళ్ళి, తల మీద చెయ్యి పెట్టుకున్నారు. టోపీ బల్లమీదే ఉంది. వెనక్కి వచ్చి, కూర్చుని, మళ్ళీ నీళ్ళు తాగారు.

"అంకుల్, బళ్ళకి రోడ్డు తెరిచేస్తారు లా! టైం అయిపోతుంది! మీరు ఇంకా నీళ్ళు తాగుతుంటే ఎలా?" అని వ్యానులోంచి కోగిలన్ అరిచాడు.

"శాస్త్రం తమ్మీ" అన్నారు సన్యాసి. లేచి వెళ్ళారు. మళ్ళీ తిరిగొచ్చారు.

"ఇప్పుడేటి మర్సిపోనారు బావగారూ?" రామలక్ష్మి గొంతులో ఈసారి కోపమే ఉంది.

"అదే గేపకం రావడం నేదు." ఆయన కుర్చీలో కదలకుండా కూర్చున్నారు. కాలైనా ఆడించడం లేదు. "ఇలాక్కాదు. నాకు శకునం బాగునేదు. ఎవరైనా నిండు బిందెతో ఎదురొస్తేనే లేస్తాను. నేకపోతే ఈ వ్యానెక్కి దిగిపోతాను. రాజన్ బల్ల కాడ ఆగిపోనాడు సన్యాసి అని ఊరంతా సెప్పుకుంటాది."

"ఇక్కడ బిందె ఎవరు తెస్తారు?"

"నువ్వున్నావు గదా."

"నాను ఎదురు రాకూడదు, మీకు తెల్దా?"

"బిందె నిండిందా నేదా అని సూస్తాది శాస్త్రం. మోసేదెవరని అడగదు."

కోగిలన్ హారన్ కొట్టాడు. బిందె లేదు, ప్లాస్టిక్ జగ్గు ఉంది. రామలక్ష్మి దాన్ని అంచుదాకా నింపింది. రోడ్డుమీద ముందుకి నడిచి, వెనక్కి తిరిగి, మొహం ఎత్తి, ఆయనకి ఎదురుగా వచ్చింది. అడుగడుక్కీ జగ్గు అంచునుంచి నీళ్ళు ఒలుకుతున్నాయి. సన్యాసి లేచారు. ఆమెని దాటి, మలుపు తిరిగి, మంచులో కలిసిపోయారు. అక్కడినుంచి పల్లం, తడి రోడ్డు.

తివ్య మలుపు గుర్తొచ్చింది ఆమెకి. "బావగారూ, జాగర్తా!" అని కొండంతా వినపడేలా అరిచేసింది. అరిచాక నాలిక కరుచుకుంది. పోయేవాణ్ణి వెనకనుంచి పిలవకూడదు! అవతలనుంచి అడుగుల చప్పుడు ఆగిపోయింది.

జగ్గు పట్టుకునే పరిగెత్తింది. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, జగ్గు ఒక చేత్తో. మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కన సన్యాసి నేలమీద ఉన్నారు.

"పడ్డారా?"

"పడడమేటి? ఎనకనుంచి పిలిసినావు గదా. పిలిస్తే కూకోవాల, నీళ్ళు తాగాల." చెయ్యి చాపారు. "ఏవీ నీళ్ళు?"

జగ్గులో ఒక గుక్క మిగిలింది. రామలక్ష్మికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా ఎక్కువైంది. రోడ్డుమీదే కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఆ మిగిలిన దారి ఇద్దరూ కలిసే వెళ్ళారు, వెనకాల హారన్ కొడుతూ వ్యాను. ఊళ్ళోకి వచ్చేసరికి ముగింపు తోరణం గుడ్డ మడతపెడుతున్నారు. ఒక కొస పోలమ్మ చేతిలోనే ఉంది. "ఉండండయ్యా, ఇప్పండి! మా ఆయన వస్తన్నాడు!" అని మళ్ళీ విప్పించింది. దానికింద నుంచి ముందు రామలక్ష్మి, తరవాత సన్యాసి వెళ్ళారు. ఆ లెక్కన ఆఖరివాడు ఆయనే.

తిరుగు వ్యానులో సన్యాసి ముందు సీట్లో గురక పెడుతున్నారు. వెనక రామలక్ష్మి అంది, "ఈ మతిమరుపుతో ఎలా ఏగుతున్నావు అక్కా?"

"ఏ మతిమరుపు?" పోలమ్మ సంచీలోంచి మొహం ఎత్తింది. "పిల్లలూ జనం ఉన్న ఇంట్లో ఈయన ఎప్పుడైనా ఏదైనా మర్సిపోనాడా? ఆలోసించు."

రామలక్ష్మి ఆలోచించింది. ఒంటరిగా ఉండే ముసలమ్మ కామాచ్చి పాట్టి ఇల్లు. భార్యపోయిన, సోయా జున్ను టౌఫూ అమ్మే వ్యాపారి ఇల్లు. తన ఇల్లు.

"మరి బంటింగ్‌లో నిన్ను?"

"పిల్లని అత్తారింటికి పంపేసి ఆ తల్లి ఒక్కతే కూలబడి ఏడుస్తంది. గొడుగు వదిల్తే సాలదనుకున్నాడేమో, నన్నే వదిలినాడు." సంచీ మళ్ళీ దగ్గరికి లాక్కుంది. "ఊరికే వచ్చి కూకుంటే ఓదార్సడానికి వచ్చినాడని నువ్వు ఏడుస్తావు. గొడుక్కి వస్తే గొడుగు ఇస్తావు. అదీ ఆయన శాస్త్రం. నాను సెప్పినానని సెప్పకు."

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీ బస్సులు ఇంకా కదలకముందే రామలక్ష్మి గేటు తెరుచుకుంది. వీధిలోకి వచ్చి ముగ్గు వేసింది. తివ్య బండి ఆపి, "ఆంటీ!" అని చెయ్యి ఊపింది. రామలక్ష్మి కూడా ఊపింది. మలుపు దాకా చూసింది. బండి మలుపు తిరిగింది, అంతే.

తరవాత వసారాలో ఉన్న సన్యాసి గొడుగు తీసుకుని కామాచ్చి పాట్టి ఇంటికి వెళ్ళింది. "కూర్చో" అంటే "టైం లేదు పాట్టీ" అంది. గొడుగు అక్కడే వదిలి వీధి చివరిదాకా వెళ్ళి, తల మీద చెయ్యి పెట్టుకుని, వెనక్కి వచ్చింది. కూర్చుంది. కాఫీ తాగింది. పాట్టి మనవరాలి పెళ్ళి ముచ్చట్లన్నీ విని లేచేటప్పుడు గొడుగు మళ్ళీ అక్కడే వదిలేసింది.

సాయంత్రం అదే ఇంటిముందు ఇంజను చప్పుడైంది. తువ్వాలు మరిచిపోదామని సిద్ధపడి వచ్చిన సన్యాసి, వసారాలో గొడుగు చూసి ఆగిపోయారు. అటు తిప్పి చూశారు, ఇటు తిప్పి చూశారు.

"ఇది నాదే గదా! నాను ఎప్పుడు మర్సిపోనాను?"

ఎంత బుర్ర గోక్కున్నా గుర్తుకు రాలేదు. తనకి నిజంగానే మతిమరుపు వచ్చేసిందేమోనని పాపం ఆయనకి మొదటిసారి భయంవేసింది. ఆ కంగారులో కూర్చోవడం, నీళ్ళు తాగడం, తువ్వాలు వదలడం, మూడూ మరిచిపోయి ఇంటికెళ్ళిపోయారు.